నకళ్లు అడగాలా, దస్త్రాలు చూడాలా?

గ్రామ పంచాయతీ ఖర్చుల లెక్క తెలుసుకోవాలనుకునే వారికి 2005 నాటి సమాచార హక్కు చట్టం రెండు దారులు చూపుతుంది: ధ్రువీకరించిన నకళ్లు తెప్పించుకోవడం, లేదా కార్యాలయానికి వెళ్లి దస్త్రాలను స్వయంగా తనిఖీ చేయడం.

ఖర్చు: తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయి దరఖాస్తుకు రుసుము లేదు. నకలుకు పేజీకి 2 రూపాయలు. తనిఖీకి మొదటి గంట ఉచితం.

శ్రమ: నకళ్లకు ఒక దరఖాస్తు చాలు, 30 రోజుల్లో జవాబు రావాలి. తనిఖీకి అధికారి చెప్పిన రోజున పని మానుకుని వెళ్లాలి.

చిక్కు: నకళ్లు అడిగేవారికి ఏ కాగితం కావాలో ముందే తెలిసి ఉండాలి. ‘సీసీ రోడ్డు వివరాలు’ అని మాత్రమే రాస్తే మొత్తం ఖర్చు రాసిన ఒక్క కాగితంతో సరిపెట్టే వీలుంది కనుక అంచనా ప్రతి, కొలతల పుస్తకం, బిల్లులు, ఓచర్లు అని పేరుపేరునా అడగాలి. తనిఖీలో ఆ బెడద లేదు. కొలతల పుస్తకంలోని పొడవు, వెడల్పు, మందం రాసుకుని, వీధిలోకి వెళ్లి టేపుతో సరిచూసుకోవచ్చు. సామాన్యుడి చేతిలో ఇంతకంటే పదునైన పరికరం లేదని నా నమ్మకం. అయితే మన చేతిరాతకు ధ్రువీకరణ ఉండదు.

ఫిర్యాదుకో కోర్టుకో ఆధారం కావలసినవారికి, ఊరికి దూరంగా ఉన్నవారికి నకళ్లే మేలు. ఏళ్ల నాటి దస్త్రాల్లో ఏముందో తెలియనివారు ముందు తనిఖీ కోరి, తోడుగా ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లి, అవసరమైన పేజీలకే నకళ్లు అడగడం మంచిది.