ప్రింటా, చిన్న శిల్పమా? అమెరికన్ కళ సేకరించేవాళ్లకు ఏది మేలు?

పేరున్న అమెరికన్ కళాకారుల పెయింటింగ్ ధర వినగానే మనలాంటి ఉద్యోగస్తులు వెనక్కి తగ్గక తప్పదు. అయినా వాళ్ల చేతి పని ఇంట్లో ఉండాలన్న కోరిక ఉంటే రెండు దారులున్నాయి. ఒకటి, కళాకారుడు దగ్గరుండి కొద్ది కాపీలే వేయించి, పెన్సిల్‌తో సంతకం చేసిన ప్రింట్. రెండోది, కంచులోనో పింగాణీలోనో ప్లాస్టిక్‌లోనో లెక్క పెట్టి పోత పోయించిన చిన్న శిల్పం. మొదటిసారి కొనేవాళ్లకు నేను ప్రింటే కొనమని చెబుతాను. అలాగని శిల్పం గెలిచే చోట్లు లేకపోలేదు.

ప్రింట్ అంటే పెయింటింగ్‌కి తీసిన నకలు అని చాలామంది అనుకుంటారు. అది పోస్టర్ సంగతి. అమెరికన్ కళాకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ 1963లో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో, టాట్యానా గ్రోస్‌మన్ నడిపిన వర్క్‌షాప్‌లో లితోగ్రాఫ్ (చదునైన రాయి మీద బొమ్మ గీసి వేసే అచ్చు) చేస్తుంటే ముద్రించే రాయి పగిలింది. ఆయన దాన్ని పక్కన పడేయలేదు. పగిలిన రాయితోనే అచ్చు వేశారు. బొమ్మ మధ్యలోంచి ఆ పగులు తెల్లగా ఏటవాలుగా సాగుతుంది. దానికి ‘యాక్సిడెంట్’ అని పేరు పెట్టి 29 కాపీలు వేశారు. ఆ ఏడాది ఇప్పటి స్లొవేనియా రాజధాని ల్యుబ్లియానాలో, రెండేళ్లకోసారి జరిగే ప్రింట్ల ప్రదర్శన (బినాలే)లో పెద్ద బహుమతి దానికే వచ్చింది. రాయి లేకపోతే ఆ కళాఖండమే లేదు. అందుకే ఏది కొనే ముందైనా నేను ఒకటే చూస్తాను: ఈ పని ఈ మాధ్యమంలోనే పుట్టిందా, లేక ఇంకెక్కడో ఉన్న పెద్ద పనికి చిన్న గుర్తుగా తయారైందా?

చిన్న శిల్పాలు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి. జెఫ్ కూన్స్ బెలూన్ కుక్క అందరికీ తెలుసు. అసలుది పదడుగుల ఎత్తున్న, అద్దంలా మెరిసే స్టీలు. దాని ముందు నిలబడితే మన ముఖమే వంకరలు తిరిగి కనిపిస్తుంది, అంత బరువైన లోహం గాలి నింపిన బుడగలా అనిపిస్తుంది. మజా అంతా అందులోనే ఉంది. పింగాణీలో చేసిన నీలం ఎడిషన్ (లెక్క పెట్టి చేసిన కాపీల సెట్) ఎత్తు సుమారు 40 సెంటీమీటర్లు, 799 కాపీలు. 2023 ఫిబ్రవరిలో మయామీ ఆర్ట్ ఫెయిర్‌లో ఒక సందర్శకురాలి వల్ల అందులో ఒకటి కిందపడి ముక్కలైంది. దాని ధర 42,000 డాలర్లు. ఇప్పుడు మిగిలినవి 798. నాకు బాధ కలిగించింది పగలడం కంటే ఆ ధర. అంత డబ్బుతో మంచి ప్రింట్లు గోడ నిండా వస్తాయి, ఒక్కోటి ఒక్కో కళాకారుడి ఆలోచనతో.

విచిత్రం ఏమిటంటే, శిల్పి పనే కావాలనుకున్నా ఒక్కోసారి ప్రింటే మేలు. రిచర్డ్ సెర్రా స్టీలు పలకలు టన్నుల బరువు, ఇంట్లోకి రావు. కానీ లాస్ ఏంజిలిస్‌లోని జెమిని వర్క్‌షాప్‌లో ఆయన చేసిన ప్రింట్లలో నల్లటి ఆయిల్ రంగు కాగితం మీద గరుకుగా, మందంగా పేరుకుని ఉంటుంది. దగ్గరికి వెళితే ఆ నలుపు బరువు తెలుస్తుంది. ఏ చిన్న శిల్పమూ ఆ అనుభూతిని ఇవ్వజాలదు.

అదే జెమినిలో క్లేస్ ఓల్డెన్‌బర్గ్ 1969లో చేసిన ‘ప్రొఫైల్ ఎయిర్‌ఫ్లో’ రెండిటికీ మధ్యలో ఉంటుంది. కింద క్రైస్లర్ కారు లితోగ్రాఫ్, దాని మీద అదే కారు ఆకారంలో పోత పోసిన పారదర్శకమైన పాలియురెథేన్ అనే ప్లాస్టిక్. మొత్తం 75. నాకు చాలా ఇష్టమైన పని. కానీ మొదట పోసిన వాటి రంగు మారిపోయింది. వెనక్కి తెప్పించి మళ్లీ పోయాల్సి వచ్చింది. కంచు ఎలా ముసలిదవుతుందో మనిషికి వేల ఏళ్లుగా తెలుసు. కొత్త ప్లాస్టిక్ ముప్పై ఏళ్లకు ఏమవుతుందో అమ్మేవాళ్లకూ తెలియదు. రెజిన్ (పోత పోసే ప్లాస్టిక్) శిల్పం కొనేవాళ్లు ఈ సంగతి మర్చిపోకూడదు.

ప్రింట్ బలహీనత వెలుతురు. నేను కొన్న మొదటి స్క్రీన్‌ప్రింట్‌ను (సన్నటి వల గుండా రంగు దించి వేసే ప్రింట్) ఫ్రేమ్ కట్టినతను అట్టకు జిగురుతో అంటించేశాడు. నేనేమో కిటికీ ఎదురుగా వేలాడదీశాను. మూడేళ్లలో గులాబీ రంగు పాలిపోయింది, కాగితం ఊడిరాదు. ఆ తప్పు సరిదిద్దే దారి లేదు. యాసిడ్ లేని అట్ట, పైన రెండు చోట్ల మాత్రమే సన్న జపాన్ కాగితంతో అతుకు, అతినీలలోహిత కిరణాలు ఆపే గాజు, ఎండ పడని గోడ, ఇవన్నీ ప్రింట్ ధరలో భాగమే అనుకోవాలి. విశాఖలాంటి తేమ ఊళ్లో ఇంటికి పంపాలనుకుంటే కాగితం మీద గోధుమరంగు మచ్చలు వస్తాయన్న టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది. అలాంటి ఇంటికి, లేదా నలువైపులా ఎండ వచ్చే ఇంటికి, కంచు శిల్పమే సరి. చేత్తో తడిమి చూడాలన్న కోరిక ఉన్నవాళ్లకూ అంతే. ప్రింట్ ఆ సుఖం ఇవ్వదు.

ఇక నమ్మకం సంగతి. ప్రింట్‌ను ఫ్రేమ్‌లోంచి తీయించి భూతద్దంతో చూడండి. పత్రికల్లో బొమ్మల్లా వరుస చుక్కలు కనిపిస్తే అది ఫొటో నకలు అయ్యే అవకాశమే ఎక్కువ. మూలలో వర్క్‌షాప్ ఒత్తిన ముద్ర ఉంటే ధైర్యం. ఎడిషన్ పూర్తయ్యాక ప్లేటు మీద గీతలు కొట్టి రద్దు చేయడం ప్రింట్ల వాళ్ల పాత అలవాటు. కంచు శిల్పానికి అచ్చు మిగిలి ఉంటే కళాకారుడు పోయాక కూడా పోత పోయవచ్చు. కాబట్టి ఎన్ని పోశారు, ఎప్పుడు, ఏ ఫౌండ్రీలో (పోత పోసే కర్మాగారంలో) అని రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. సంఖ్య తక్కువని మాత్రమే చూసి మోసపోవద్దు.

మనవాళ్లలో ఒకరు ప్రింటా, శిల్పమా అన్న ప్రశ్ననే చెరిపేశారు. చిత్తూరు ప్రాంతంలో పుట్టి, శాంతినికేతన్, పారిస్‌ల మీదుగా 1976లో న్యూయార్క్ చేరి, 2018లో అక్కడే కన్నుమూసిన కృష్ణారెడ్డి గారు చదువు రీత్యా శిల్పి. లోహపు ప్లేటును శిల్పంలాగే వేర్వేరు లోతుల్లో చెక్కేవారు. చిక్కదనం వేరువేరుగా ఉన్న ఇంకులను మెత్తటి, గట్టి రోలర్లతో ఒకే ప్లేటు మీద ఎక్కించి, ఒక్క అచ్చులోనే రంగులన్నీ తీసేవారు. ఆయన ప్రింట్ ఎక్కడైనా చూసే అవకాశం వస్తే ఎదురుగా నిలబడి ఊరుకోకండి. పక్కకు జరిగి, ఏటవాలు వెలుతురులో చూడండి. ప్లేటులో ఆయన ఉలి దిగిన చోటల్లా కాగితం లేచి ఉంటుంది.