వంశవృక్షం యాప్: మా ఇంట్లో అందరూ జనవరి 1నే పుట్టారట

మా అబ్బాయితో కలిసి ఈ యాప్ మొదలుపెట్టి ఏడాది దాటింది. పేర్లు ఎక్కించడం, ఫొటోలు పెట్టడం ఏ యాప్‌లోనైనా ఒకటే, వాటి జోలికి పోను. నా కోపమంతా తేదీ గడి మీద.

పాతకాలం వాళ్లకి తేదీలెక్కడివి? మా మామగారి నాన్నగారు దివిసీమ ఉప్పెన వెళ్లిన నెలకి పోయారంటారు. వీడు 1977 అని కొట్టాడు. మిగతా గళ్లు ఖాళీగా ఉంచడం ఇష్టంలేక యాప్ తనే జనవరి 1 వేసేసుకుంది. ఏడాది మాత్రమే తెలిసిన అందరికీ ఇదే వరస. కొత్త సంవత్సరం పొద్దున్నే ఫోన్ ఒకటే మోత, పోయినవాళ్లకి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పమని! ఎన్ని కేకులు కొంటున్నామని మా చిన్నది అడిగింది. పెద్దాడికి మాత్రం ఒళ్లు మండింది. "ఉప్పెన వచ్చింది నవంబర్ 19న కదమ్మా, ఆ తర్వాత పోయిన ముత్తాత అదే ఏడు జనవరిలో ఎలా పోతాడు?" కస్టమర్ కేర్‌కి రాస్తే నోట్స్‌లో రాసుకోమన్నారు.

ఆ నోట్స్ కోసమే వాడు నానమ్మ పక్కన చేరాడు. సర్టిఫికెట్లో ఆవిడ పుట్టినరోజు జులై 1, బడిలో చేర్చినప్పుడు మాస్టారు వేసింది. ఆవిడ లెక్క వేరు: జయ నామ సంవత్సరం, పోలాల అమావాస్య మర్నాడు. ప్రభవ అంటే 1927 అని చూసుకుని, ఆవిడ పేర్లు అప్పజెబుతుంటే వేళ్లు మడుస్తూ ఇరవై ఎనిమిదో పేరు జయ దగ్గర ఆగాడు. 1954. దానికి అరవై కలిపి ఎగిరి గంతేశాడు. "నానమ్మా, 2014 కూడా జయే! నేను పుట్టిన ఏడు!"

"అయితే నీ ఈడుదాన్నేరా" అన్నారావిడ.

ఇక చుట్టాల్లో ఎవరు ఫోన్ చేసినా ముందు సంవత్సరం పేరు అడగడమే.

గొంతు రికార్డు చేసే సదుపాయం గురించి మొదట్లో అందరికీ గొప్పగా చెప్పాను. బాగానే ఉంది, కాకపోతే ఆ రికార్డింగులు బయటికి తీసుకోవాలంటే డబ్బు కట్టాలి. ఇప్పుడు ఫోన్ రికార్డర్‌తోనే కానిచ్చేస్తున్నాం.

కొనమంటారా అంటే, మా అత్తగారు మాతోనే ఉంటారు, జ్ఞాపకం గట్టిది, వీడికేమో లెక్కల పిచ్చి. పెద్దవాళ్లు వారానికోసారి వీడియో కాల్‌లో దొరికే ఇళ్లలో పిల్లలు ఎన్నాళ్లు వాడతారో చెప్పలేను. మేమైతే ఈ ఏడాదికి ఉచితంలోనే ఉన్నాం.