చర్చ ముగించడానికి క్లోజర్ మేలా, గిలటిన్ మేలా?

చట్టసభలో చర్చను ముగించే రెండు పద్ధతులు, క్లోజర్, గిలటిన్‌ల గురించి ఏటా బడ్జెట్ సమావేశాల వేళ గ్రూప్స్‌కి చదివే పిల్లలు అడిగే ప్రశ్న ఇది: "సార్, రెండూ చర్చను ఆపేవే కదా, ఏది నయం?" నిర్వచనాలు వాళ్లకు కంఠతా వచ్చు కాబట్టి వాటి జోలికి పోను. నేను చూసేది ఒక్కటే. చర్చ ఆపేముందు, ఈ విషయం మీద తగినంత మాట్లాడారా అని అడిగే దిక్కు ఉందా?

క్లోజర్‌లో ఉంది. లోక్‌సభ 362వ నిబంధన కింద ఏ సభ్యుడైనా లేచి, ఇక ఓటింగ్‌కు పెట్టండి అనొచ్చు. న్యాయంగా చర్చించుకునే హక్కుకు అది భంగమని స్పీకర్‌కు అనిపిస్తే కుదరదనవచ్చు. సరేనన్నా, ముందు క్లోజర్ మీదే సభ ఓటేయాలి. బ్రిటన్‌లోనైతే కనీసం 100 మంది అనుకూలంగా ఓటేయాలి కూడా. అక్కడ 1881లో ఐరిష్ సభ్యులు సభను 41 గంటలు సాగదీస్తే, స్పీకర్ బ్రాండ్ తనంతట తానే చర్చకు తెరదించారు. క్లోజర్ నిబంధన ఆ మరుసటి ఏడాది వచ్చింది. మెజారిటీ ఉన్నవాళ్లు దీన్ని దురుసుగా వాడొచ్చు, నిజమే. కానీ వాడినట్టు అందరికీ కనిపిస్తుంది.

గిలటిన్ గడియారాన్నే చూస్తుంది. పద్దులకు, అంటే ఒక్కో శాఖ ఖర్చుకు అడిగే నిధుల ప్రతిపాదనలకు, కేటాయించిన చివరి రోజు సాయంత్రం 5 గంటలకు, లేదా స్పీకర్ ముందే చెప్పిన వేళకు, మిగిలిన పద్దులన్నీ ఓటుకు వెళ్తాయి. ఆ శాఖ గురించి ఒక్కరూ నోరు విప్పకపోయినా సరే.

2018 మార్చి 14 గుర్తుందా? ప్రత్యేక హోదా కోసం మన ఎంపీల నినాదాలతో ఆ సమావేశాలు హోరెత్తుతున్న రోజులవి. ఆ గందరగోళంలోనే సుమారు అరగంటలో పద్దులు, ఖజానా నుంచి డబ్బు తీయడానికి అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు, పన్నుల ప్రతిపాదనలుండే ఫైనాన్స్ బిల్లు అన్నీ మూజువాణి ఓటుతో గట్టెక్కాయి. ఏ ఒక్క శాఖ పద్దు మీదా చర్చ జరగలేదు. సభ సాగనివ్వని ప్రతిపక్షాలకూ అందులో వాటా ఉంది. అయినా మనకు రావలసిన డబ్బు గురించి కొట్లాడుతున్న రోజుల్లోనే దేశం డబ్బంతా మాటా పలుకూ లేకుండా వెళ్లిపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

గిలటిన్ లేకపోతే ఖర్చులకు అనుమతి గడువులోగా రాదు, ప్రభుత్వం నడవదు. ఆ అవసరం నేను కాదనను. బిల్లుల విషయంలో మాత్రం నా ఓటు క్లోజర్‌కే.

చర్చను కుదించే పద్ధతులు ఇంకో రెండున్నాయి. కంగారూ పద్ధతి సవరణలు కుప్పలుగా వచ్చినప్పుడు ముఖ్యమైనవి ఏరుకోవడానికి పనికొస్తుంది. బిల్లును భాగాలుగా విడదీసి ఒక్కో భాగాన్ని గంపగుత్తగా ఓటుకు పెట్టే విభాగాలవారీ ముగింపు ఒక రకంగా గిలటినే.

"పద్దులను 1993 నుంచి స్థాయీ సంఘాలు చూస్తున్నాయిగా సార్" అంటారు కొందరు, శాఖలవారీగా ఉండే ఎంపీల కమిటీల గురించి. చూస్తున్నాయి, శ్రద్ధగానే చూస్తున్నాయి. కానీ ఆ సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి. మా ఎంపీ ఆసుపత్రుల నిధుల గురించి సభలో అడిగితే టీవీలో చూస్తాను. కమిటీ గదిలో అడిగితే, అడిగిన సంగతే నాకు తెలియదు.