మాల్టీజర్స్ 'ఇండియా ప్యాక్' కొంటున్నారా, ఆగండి! డేట్ల మీద స్టిక్కర్లేసి అమ్ముతున్నాడు

యూకేలో స్లౌ, రీడింగ్, హౌన్స్‌లో వైపు ఉండే మన తెలుగువాళ్ళు, ముఖ్యంగా సెలవలకి ఊరెళ్తున్నవాళ్ళు ఇది పూర్తిగా చదవండి. ఆయన పేరు నేనిక్కడ రాయను, రాయక్కర్లేదు కూడా, "ఇండియా ప్యాక్ రెడీ అన్నా, లిమిటెడ్ స్టాక్" అని ప్రతి వారం మన గ్రూపులన్నిట్లో మెసేజ్ పెట్టి గ్యారేజ్‌లోంచి చాక్లెట్లు అమ్మేది ఎవరో మీలో చాలామందికి తెలుసు. ఆయన దగ్గర మాల్టీజర్స్ (మాల్ట్ గుండు మీద చాక్లెట్ పూత ఉండే చిన్న ఉండలు) కొనకండి. అసలు ఏదీ కొనకండి.

ఎందుకు కొన్నామంటే అందరూ కొన్నట్టే. 2024లో కోకో రేటు ఆకాశానికి వెళ్ళాక సూపర్‌మార్కెట్లో చాక్లెట్ ముట్టుకునేటట్టు లేదు, మాల్టీజర్స్ పౌచ్ అయితే 2017లోనే 121 గ్రాముల్నుంచి 103 గ్రాములకి దించేశారు, ఊళ్ళో ఇంటింటికీ ఇవ్వాలంటే ఎన్ని కొనాలి చెప్పండి. ఈయన పెద్ద బాక్సులు షాపు రేటులో దాదాపు సగానికి ఇస్తానన్నాడు, ఐదేసి బాక్సులు కలిపి ప్లాస్టిక్ కవర్‌తో గట్టిగా చుట్టేసి ఇస్తాడు, "విప్పకండన్నా, ఇలాగే సూట్‌కేస్‌లో పెట్టేసుకోండి, పగలకుండా ఉంటాయి" అన్నాడు. క్యాష్ లేదా బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ మాత్రమే, కార్డు తీసుకోడు. బాక్సులతో పాటు పిల్లలకని ట్రాన్స్‌పరెంట్ కవర్లలో కట్టిన లూజ్ మాల్టీజర్స్ కూడా కొన్నిచ్చాడు. మొత్తం రెండొందల పౌండ్ల పైమాటే.

మాల్టీజర్సే ఎందుకంటే మా నాన్న కోసం. మాది రాజమండ్రి, ధవళేశ్వరం హార్లిక్స్ ఫ్యాక్టరీ పక్కనే ఉన్న ఊరు, మా ఇంట్లో హార్లిక్స్ పాలల్లో కలిపింది తక్కువ, పొడి పొడిగా స్పూన్‌తో నోట్లో వేసుకున్నది ఎక్కువ, మీ ఇళ్ళల్లో కూడా అంతే అయ్యుంటుంది. ఆ పొడి అంగిటికి అంటుకుని మెల్లగా కరిగేటప్పుడు వచ్చే రుచి ఉంది చూడండి, మాల్టీజర్ లోపల ఉండేది సరిగ్గా అదే, బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), పాలపొడి. మొదటిసారి ఊరెళ్ళినప్పుడు తీసుకెళ్తే నాన్న ఒకటి నోట్లో వేసుకుని "ఒరే ఇది మన హార్లిక్స్ రా" అన్నారు. మాల్టీజర్స్ పుట్టింది ఈ స్లౌలోనే, 1936లో మార్స్ కంపెనీ ఫారెస్ట్ మార్స్ తయారుచేస్తే 1937లో అమ్మకానికొచ్చింది, హార్లిక్స్ వాళ్ళు ఇటుకలతో కట్టిన పాత ఫ్యాక్టరీ కూడా ఇక్కడే, 1908 నాటిది, ఇప్పుడు ఫ్లాట్లు కట్టేశారు, ఇవన్నీ నాన్నకి ఫోన్లో చెప్తే ఎంత సంబరపడేవారో. ఆయన తినే పద్ధతి కూడా వేరే, కొరకరు, నోట్లో అటూ ఇటూ తిప్పుతూ పైన చాక్లెట్ మొత్తం కరిగేదాకా ఆగుతారు, లోపలి మాల్ట్ గుండు బయటపడ్డాక దాన్ని నాలుకతో పైకి నొక్కి పట్టుకుంటారు, అది చిన్నగా చిటపటమని కరిగిపోవాలి, అప్పుడు ఇంకోటి. రోజూ భోజనం అయ్యాక రెండంటే రెండు. ఏడాదికోసారి నేను తెచ్చే బాక్సుల్ని అలా లెక్కగా నెలల తరబడి దాచుకుని తింటారు. ఆ సంతోషం కోసం మోసుకెళ్ళానండి అంత బరువూ.

వెళ్ళిన రోజు సాయంత్రం కట్ట విప్పి ఒక బాక్సు నాన్న చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశారు, తెరిచారు, ఒకటి నోట్లో వేసుకున్నారు. చాలాసేపు తిప్పారు. తర్వాత దవడ కదలడం ఆగిపోయింది, మెల్లగా కొరికారు, అదీ కరకరమని చప్పుడు లేదు. "బాగుంది రా" అన్నారు. రెండోది తీసుకోలేదు.

అప్పుడు నేనొకటి తీసుకుని చూశాను. పైన చాక్లెట్ అంతా బూడిద రంగు మచ్చలు, నిగనిగ లేదు. కొరికితే పెంకు ఒక పక్కకి ఊడొచ్చింది, లోపల మాల్ట్ ముడుచుకుపోయి చిన్నదైపోయింది, పెంకుకీ దానికీ మధ్య ఖాళీ. మామూలుగా లేత పసుపు రంగులో గుల్లగా ఉండాల్సింది ముదురు గోధుమ రంగులోకి వచ్చేసి జీడిలా సాగి పళ్ళకి అంటుకుపోయింది. రుచి పాత డాల్డా వాసనతో కలిసి ఏదోలా ఉంది. ఇంకో బాక్సు తెరిస్తే అదే. ఇంకోటి, అదే. లూజ్ కవర్లవి ఇంకా ఘోరం, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

బాక్సు తిప్పి బెస్ట్ బిఫోర్ డేట్ (ఆ లోపు తింటే రుచి బాగుంటుందనే తేదీ, దాటితే తినకూడదనే యూజ్ బై డేట్ వేరు) చూస్తే వచ్చే ఏడాది దాకా ఉంది. కానీ అది అచ్చేసింది కాదు, చిన్న తెల్ల స్టిక్కర్. మా ఆవిడ గోరుతో ఒక మూల లేపింది, మెల్లగా వచ్చేసింది. కింద కంపెనీ వాళ్ళు వేసిన అసలు డేట్ ఉంది, అది పోయినేడాదే దాటిపోయింది. మిగతా బాక్సులన్నీ అక్కడే నేలమీద పెట్టుకుని ఒక్కొక్కటీ గీకాం, అన్నిటి మీదా అదే స్టిక్కర్, కొన్నిటి మీద అడుగునున్న డేట్‌ని ఏదో మందు పెట్టి తుడిచేసిన మరక కూడా ఉంది. "విప్పకండన్నా" అని ఎందుకన్నాడో అప్పుడర్థమైంది.

వెంటనే వాట్సాప్‌లో ఫోన్ చేశాను. ముందు "మీ ఊరి ఎండకి అలా అయ్యుంటాయన్నా" అన్నాడు. స్టిక్కర్ సంగతేంటి అని అడిగితే కాసేపు పలకలేదు. తర్వాత చెప్పాడు చూడండి, నాకు ఇప్పటికీ చెవుల్లో మోగుతోంది, అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "బెస్ట్ బిఫోరే కదన్నా, యూజ్ బై కాదు కదా, తింటే ఏమీ కాదు. అయినా ఇవి ఇక్కడ తినేవాళ్ళకి కాదన్నా, ఇండియా ప్యాక్ కదా. ఊళ్ళోవాళ్ళకి డేట్లేం తెలుస్తాయి, ఫారిన్ చాక్లెట్ అంటే చాలు కళ్ళకద్దుకుని తింటారు."

నేను స్పీకర్‌లో పెట్టాను. నాన్న పక్కనే కుర్చీలో ఉన్నారు.

మెడికల్ షాపులో మందుల షీటు మీద డేట్ చదవకుండా డబ్బులివ్వని మనిషి ఆయన, పాల ప్యాకెట్ తిప్పి చూడకుండా సంచిలో వేసుకోరు. ఫోన్ పెట్టేశాక నాతో అన్నారు, "స్టిక్కర్ నేను ముందే చూశాను రా, అంత దూరం నుంచి మోసుకొచ్చావు, ఏం చెప్తాం లే అని ఊరుకున్నాను." ఊళ్ళోవాళ్ళకి డేట్లు తెలియవట! తెలిసీ, కొడుకు మనసు నొచ్చుకుంటుందని నోరు మూసుకుని ఆ కుళ్ళిపోయినదాన్ని మింగారండి మా నాన్న. ఈ మనిషి వ్యాపారం మొత్తం దాని మీదే నడుస్తోంది. ఇక్కడి కస్టమర్‌కి పాతది అంటగడితే మర్నాడే తలుపు కొడతాడు, అదే ఊరికి తీసుకెళ్ళే సరుకైతే తినేది అక్కడెక్కడో అత్తయ్యలూ బాబాయిలూ పనమ్మాయి పిల్లలూ, వాళ్ళు బాగోలేకపోయినా "చాలా బాగున్నాయమ్మా" అంటారు గానీ ఫిర్యాదు చెయ్యరు కదా. మన పెద్దవాళ్ళ మంచితనాన్ని లెక్కేసుకుని మరీ మోసం చేస్తున్నాడు. డబ్బు పోయినందుకు కాదు నాకీ మంట, దీనికి.

అప్పటికే పక్కింటివాళ్ళకీ పిన్నివాళ్ళకీ పంచేశాం. మళ్ళీ వాళ్ళిళ్ళకెళ్ళి "అవి తినకండి, ఇచ్చేయండి" అని వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. పిన్ని ఇవ్వనంటుంది, "ఏం కాదులే నాన్నా, బానే ఉన్నాయి" అంటుంది. ఏం చెప్పాలి ఆవిడకి?

ఎండ సంగతి కూడా తేల్చేస్తాను, ఎందుకంటే రేపు మీతో కూడా అదే అంటాడు. ఎండకి చాక్లెట్ కరుగుతుంది నిజమే, కరిగి మళ్ళీ గట్టిపడితే కోకో బటర్ పైకి తేలి తెల్ల పొర వస్తుంది, అది చూడ్డానికి బాగోదు గానీ తినొచ్చు. కానీ లోపలి మాల్ట్ మెత్తబడేది వేడికి కాదు, తేమకి. ఆ గుల్ల గాల్లో తేమని పీల్చుకుంటుంది, పీల్చుకుంటే ముడుచుకుని సాగుతుంది, అందుకే ప్యాకెట్ విప్పి వదిలేస్తే మర్నాటికే కరకర తగ్గుతుంది. కానీ సీలున్న బాక్సులో, విమానం దిగిన రోజు సాయంత్రానికే, అన్నీ అలా అయిపోవు. అది ఏళ్ళ తరబడి ఏ చెమ్మ గోడౌన్‌లోనో మూలన పడున్న సరుకు. ఇంకో సాక్ష్యం, ఇదే లాట్‌లో స్లౌలో మా ఫ్రెండ్ కూడా తీసుకున్నాడు, వాడింకా ఊరెళ్ళలేదు, బాక్సులు చల్లటి గదిలోనే ఉన్నాయి, నేను చెప్పాక విప్పి చూస్తే అచ్చం ఇవే, అదే స్టిక్కర్, కింద అదే పాత డేట్. అక్కడ ఏ ఎండ తగిలింది?

బెస్ట్ బిఫోర్ దాటిన సరుకు అమ్మడం యూకేలో దానంతటదే నేరం కాదు, ఆ ముక్క వరకే ఆయన చెప్పింది నిజం. డేట్ దాటిందని చెప్పి తక్కువకి అమ్మే షాపులు ఉన్నాయి, నేనూ కొంటాను, తప్పేం లేదు. కానీ కంపెనీ వేసిన డేట్ మీద సొంత డేట్ అతికించి కొత్త సరుకని అమ్మడం వేరు, అది పచ్చి మోసం. ఇంట్లోంచి అయినా గ్యారేజ్‌లోంచి అయినా తిండి వ్యాపారం చేసేవాళ్ళు కౌన్సిల్ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగితే నంబర్ బ్లాక్ చేశాడు.

ఆ లూజ్ కవర్ల సంగతి తల్లులు దయచేసి వినండి. వాటి మీద ఒక్క అక్షరం లేదు. మాల్టీజర్స్‌లో పాలు, బార్లీ, గోధుమ గ్లూటెన్, సోయా ఉంటాయి, అలర్జీ ఉన్న పిల్లాడికి ఎవరో చేతిలో పెడితే ఏంటి పరిస్థితి? బాక్సు మీదైతే చదువుకోవచ్చు, కవర్ మీద ఏం చదువుతాం. పైగా అవి మాల్టీజర్సే అన్న గ్యారంటీ కూడా నాకిప్పుడు లేదు. కంపెనీని అనట్లేదు, షాపులో మంచి డేట్ చూసి కొన్నవి ఎప్పుడూ బాగానే ఉన్నాయి.

ఇప్పటికే కొన్నవాళ్ళు కట్ట విప్పేయండి, బాక్సు మీద తెల్ల స్టిక్కర్ ఉంటే గోరుతో గీకండి, పీకే ముందొకటి పీకాక ఒకటి ఫోటో తీసుకోండి, ఆయన పెట్టిన మెసేజ్‌లూ ట్రాన్స్‌ఫర్ రసీదూ డిలీట్ చెయ్యకండి. సిటిజన్స్ అడ్వైస్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి చెప్తే వాళ్ళు ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కి, అంటే వ్యాపార మోసాల్ని చూసే కౌన్సిల్ విభాగానికి, పంపుతారు, నేను చేశాను, ఒక్కడు చెప్పేదానికంటే పదిమంది చెప్తే కదులుతారు. వ్యాపారంగా అమ్మేవాడి దగ్గర కొన్నది బాగోకపోతే 30 రోజుల్లోపు తిరిగిచ్చేసి డబ్బు అడిగే హక్కు 2015 కన్స్యూమర్ రైట్స్ చట్టంలో ఉంది, ఊరెళ్ళి వచ్చేసరికి ఆ గడువు అయిపోతుంది, కాబట్టి ఆగకండి. కొనబోయేవాళ్ళు అయితే షాపులోనే కొనండి, రెండు బాక్సులు తక్కువ తీసుకెళ్ళినా పర్లేదు.

ఊళ్ళో ఇప్పటికే పంచేసినవాళ్ళు మాత్రం మొహమాటపడకుండా ఇవ్వాళే ఫోన్ చేసి తినొద్దని చెప్పండి. "బాగానే ఉన్నాయి" అంటారు, నమ్మకండి, బాక్సు మీద స్టిక్కర్ ఉందేమో వీడియో కాల్‌లో చూపించమనండి.