మందు ఇవ్వనన్న మెడికల్ షాపుకు నాలుగు స్టార్లు

నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఉన్న ఒక చిన్న మెడికల్ షాపు గురించి ఇది. పేరు రాయడం లేదు. నేను అక్కడ కొనేది డిప్రెషన్ గోలీలు, షాపు పేరు రాస్తే మా గల్లీలో సగం మంది నన్ను పట్టేస్తారు. పేరు లేని రివ్యూ ఎందుకంటారా, మీ ఊళ్లో మీరు పోయే షాపును దీంతో పోల్చి చూసుకోవచ్చు.

నాది టైలరింగ్. జాకెట్లు, పట్టు లంగాలు, ఫాల్, పికో. శ్రావణ మాసం వస్తే నాకు తిండి తినే తీరిక ఉండదు. పోయిన ఏడాది ఆ శ్రావణంలోనే కత్తెర పట్టుకుని జాకెట్ ముక్క ముందు గంటసేపు కూర్చున్నా, కోయలేకపోయా. రోజూ తెల్లవారుజాము 3 గంటలకు మెలకువ, మళ్లీ నిద్ర లేదు. ఒకామె జాకెట్ చేతులు బిగువయ్యాయని గట్టిగా అంటే ఆమె ముందే ఏడ్చేశా. థైరాయిడ్ అనుకుని పరీక్ష చేయించా, బాగానే ఉంది. చివరికి మానసిక వైద్యురాలి దగ్గరికి పోయా. ఎర్రగడ్డ అంటే హైదరాబాద్‌లో పిచ్చాసుపత్రి ఉన్న చోటు, ఆ మాట మా వైపు తిట్టు కదా, ఈమె క్లినిక్ మెట్లు ఎక్కడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. డాక్టరమ్మ ఎస్సిటాలోప్రామ్ రాసింది. మొదటి వారం 5 మిల్లీగ్రాములు, తర్వాత 10.

మొదట కొన్నది ఈ షాపులో కాదు. బస్టాండ్ దగ్గర ఇంకో షాపులో. అక్కడి పిల్లగాడు చీటీ సగం చూసి, "నిద్ర గోలీలే కదా అక్కా" అని నలుగురికీ వినబడేలా అని, ఒక స్ట్రిప్ ఇచ్చాడు. వేసుకున్నా. నాలుగు రోజులు మత్తు. కూర్చున్న చోటే కళ్లు మూతలు పడేవి. మిషన్ మీద సూది నా చూపుడు వేలి గోట్లో నుంచి దిగింది. మందు పడటం లేదు, మానేద్దాం అనుకున్నా. గాయానికి దూది, టించర్ కొందామని ఆ రోజు దారిలో కనబడిన షాపు ఎక్కా. అదే ఈ షాపు.

కౌంటర్ వెనక యాభై అయిదేళ్ల మనిషి, కళ్లద్దాలు ముక్కు చివర. వేలు చూసి "ఎట్ల తగిలింది చెల్లె?" అన్నాడు. మత్తు సంగతి చెప్పా. స్ట్రిప్ చూపించమన్నాడు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివాడు. తర్వాత చీటీ అడిగాడు. రెండూ పక్కపక్కన పెట్టి నాకు చూపించాడు. కంపెనీ పేరు అదే, చివర "ప్లస్" అని ఉంది. ఆ ప్లస్ అంటే అందులో క్లోనాజెపామ్ కూడా కలిసి ఉంది. అది మత్తు మందు, ఎక్కువ కాలం వాడితే అలవాటు పడేది. డాక్టరమ్మ రాసింది ఒట్టి ఎస్సిటాలోప్రామ్.

సరే, అసలుది ఇవ్వమన్నా. "ఇప్పుడియ్య" అన్నాడు. "నాలుగు రోజులు ఇది మింగినవ్. మార్చాల్నా, ఎట్ల మార్చాల్నో మేడంను అడుగు ముందు." మొదటిసారి మందు ఇవ్వననడం అదీ. నాకు మండింది. అయినా ఫోన్ చేశా. డాక్టరమ్మ, నాలుగు రోజులే కాబట్టి పర్వాలేదు, రేపటి నుంచి చీటీలో ఉన్నదే వేసుకో అంది. అప్పుడు ఇచ్చాడు.

ఇచ్చేటప్పుడు ఈయన చేసే పని ఒకటి ఇంకెక్కడా చూడలేదు. "ఇంకేం గోలీలు వేసుకుంటున్నవ్?" అని అడుగుతాడు. బీపీ, షుగర్, గ్యాస్, నొప్పులు, దగ్గు మందు, ఆయుర్వేదం, అన్నీ. మన నోటితో చెప్పేదాకా కవరు చేతికి రాదు. తర్వాత కవరు మీద నీలం పెన్నుతో "పొద్దున 1, టిఫిన్ తర్వాత" అని రాశాడు. మొదటి వారం పది రోజులు కడుపులో తిప్పినట్టు, తలనొప్పి ఉండొచ్చని, కొందరికి మొదట్లో టెన్షన్ పెరిగినట్టు కూడా అనిపిస్తుందని చెప్పాడు. మనసు తేలికపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుందట. అందుకని నాలుగో రోజే పనిచేయలేదని రెండు వేసుకోవద్దన్నాడు. బయట బండి మీద ఉన్న మా ఆయనను కూడా పిలిచి, "ఈ మొదటి వారాల్లో కనిపెట్టుకుని ఉండు తమ్మీ. కుదురులేకుండా తిరిగినా, చచ్చిపోవాలన్న మాట వచ్చినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకపో" అన్నాడు. పాతికేళ్ల లోపు పిల్లలకు ఈ మందు మొదలుపెట్టినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలట. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే 14416కు చేయమని ఆ నంబర్ కూడా కవరు మీదే రాశాడు. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

కడుపులో తిప్పడం ఆరు రోజులు ఉంది. మూడో వారంలో ఒక పొద్దున నిద్ర లేచి టైమ్ చూస్తే 5:40. అంతే, ఇంకేం అద్భుతం జరగలేదు. ఆ రోజు రెండు జాకెట్లు కోశా.

మా ఆయనకు మాత్రం అనుమానం పోలేదు. కల్లు లాంటిదే ఇదీ, ఒకసారి అలవాటైతే విడవదు అనేవాడు. పాలమూరు, నల్లగొండ వైపు కల్తీ కల్లు సంగతి తెలియనిది ఎవరికి. ఒకసారి ఆయనే షాపులో ఆ మాట అన్నాడు. కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డయజెపామ్ లాంటివని షాపాయన చెప్పాడు. అది దొరకని రోజు చేతులు వణకడం, ఫిట్స్ రావడం అందుకేనట. అల్ప్రాజోలం అమ్మితే పేషెంట్ పేరు, డాక్టర్ పేరు వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలని ఆ పుస్తకం తీసి చూపించాడు. నా గోలీ ఆ జాతిది కాదు, దీనికోసం ఒళ్లు లాగదు, రోజురోజుకూ డోసు పెంచమని అడగదు. "కానీ పటుక్కున మాత్రం ఆపొద్దు" అన్నాడు.

అదే చేశా నేను. సద్దుల బతుకమ్మకు మర్రిగూడ వైపు మా అమ్మగారింటికి పోతూ మిగిలిన గోలీలు లెక్కపెట్టుకోలేదు. అయిపోయాయి. బాగైపోయిందిగా, ఇంకెందుకులే అనుకున్నా. మూడో రోజు బతుకమ్మ ఆడుతూ తల తిప్పితే లోపల సన్నగా కరెంటు కొట్టినట్టయింది. కళ్లు ఇటు తిప్పినా అదే, అటు తిప్పినా అదే. తల తిరుగుడు, పిచ్చి కలలు, ఊరికే అందరి మీదా చిరాకు. జబ్బు తిరగబెట్టిందని భయమేసింది. అయిదో రోజు నల్లగొండ వచ్చి నేరుగా షాపుకు పోయా. చీటీ చూసి, దీని తారీఖు దాటింది, మళ్లీ రాయించుకుని రమ్మన్నాడు. పండగ పూట, డాక్టరమ్మ లేదు. రెండు గోలీలైనా ఇవ్వు అన్నా అని బతిమాలినా ఇవ్వలేదు. ఇంకో రోజున్నర ఆ కరెంటుతోనే ఉన్నా. స్ట్రిప్ మీద ఎర్రగీత ఉన్న మందు చీటీ లేకుండా అమ్మకూడదు, నిజమే. ఆయన తప్పేం లేదని ఇప్పటికీ అంటా, ఆ రోజు కోపం ఇప్పటికీ ఉంది. డాక్టరమ్మ అది జబ్బు తిరగబెట్టడం కాదని, ఒక్కసారిగా ఆపినందుకు వచ్చిందని చెప్పింది. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలని, ఆపేటప్పుడు తానే మెల్లగా తగ్గిస్తానని అంది.

మూడోసారి ఇవ్వనన్నది మాఘమాసం పెళ్లిళ్లప్పుడు. రోజూ పన్నెండు గంటలు మిషన్ తొక్కి మెడ పట్టేసింది. మా అమ్మకు ఫ్లోరైడ్ నీళ్లతో మోకాళ్లు, నడుము వంగిపోయాయి, ఆమె సంచిలో ఎప్పుడూ ఆర్ఎంపీ ఇచ్చిన నొప్పి గోలీలు ఉంటాయి. అవి వేసుకుంటే హాయిగా ఉంటుందని నాకూ నాలుగు ఇచ్చింది. వేసుకోబోయే ముందు ఎందుకో ఆ స్ట్రిప్ తీసుకుపోయి ఇవే ఇంకో పది ఇవ్వమన్నా. చూసి పక్కన పెట్టేశాడు. ట్రమడాల్. నా గోలీతో కలిస్తే ఒంట్లో సెరోటోనిన్ అనే రసాయనం మోతాదు మించిపోవచ్చట. వణుకు, విపరీతంగా చెమటలు, గుండె దడ, జ్వరం, తికమక, మరీ ముదిరితే ప్రాణం మీదికి. పోనీ డైక్లోఫెనాక్ ఇవ్వమన్నా. అది, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఈ గోలీతో కలిస్తే కడుపులో రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది, డాక్టర్‌ను అడగకుండా వద్దు అన్నాడు. పారాసిటమాల్ ఇచ్చి పంపాడు. మెడ నొప్పి దాంతో సగమే తగ్గింది. మిషన్ స్టూల్ ఎత్తు మార్చాక మిగతాది తగ్గింది.

ఇక ఒక స్టార్ ఎందుకు కోశానో చెప్పాలి. ఆయన గొంతు పెద్దది. మంచి మాటే చెప్తాడు, కానీ పక్కన దగ్గు మందు కొనేవాళ్లు కూడా వింటారు. లోపల నిలబడి మాట్లాడే చోటు లేదు. ఈ గోలీతో భార్యాభర్తల మధ్య కోరిక తగ్గడం చాలామందికి ఉంటుంది. నాకూ వచ్చింది, అక్కడ నోరు తెరిచి అడగలేకపోయా. రెండు నెలలు మింగుకుని చివరికి డాక్టరమ్మను అడిగా. ఒక ఆడమనిషి కౌంటర్లో ఉంటే మొదటి నెలలోనే అడిగేదాన్ని.

ఇంకోటి డబ్బులు. ఇదే ఎస్సిటాలోప్రామ్ జనఔషధి షాపులో చాలా తక్కువకు దొరుకుతుందని నాకు ఏడో నెలలో మా ఆడబిడ్డ చెప్పింది. ఎందుకు చెప్పలేదన్నా అంటే "నువ్వు అడగలే కద చెల్లె" అని నవ్వాడు. వ్యాపారం ఆయనది, సరే. అయినా జనఔషధి స్ట్రిప్ తెచ్చి చూపిస్తే విసుక్కోలేదు. పేరు, మిల్లీగ్రాములు చదివి అదే మందు అని చెప్పాడు. రంగు, సైజు మారినంత మాత్రాన భయపడొద్దని, ఒక్కో స్ట్రిప్ మీద చిన్న అక్షరాలు మాత్రం ప్రతిసారీ చదువుకోమని అన్నాడు. ఇప్పుడు గోలీలు అక్కడ కొంటున్నా, చూపించడానికి ఇక్కడికి వస్తున్నా. ఆయనకు నా వల్ల మిగిలేది దూది, టించర్ మీద లాభమే.

ఈ ఆషాఢంలో డాక్టరమ్మ 10 నుంచి 5కు దించింది. పన్నెండు రోజులయింది, రెండుసార్లు కొంచెం తల తిరిగినట్టయింది, కరెంటు మాత్రం లేదు. నాలుగు వారాలకు మళ్లీ రమ్మంది. శ్రావణం జాకెట్లు ఇప్పటికే ముప్పై ఒకటి వచ్చాయి.

పోదలచుకున్నవాళ్లకు: ఆదివారం మధ్యాహ్నం మూసేస్తారు. సాయంత్రం 6 నుంచి 8 దాకా ఊళ్ల బస్సులు దిగినవాళ్లతో నిండిపోతుంది, అప్పుడు ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేడు. పొద్దున 11 గంటలప్పుడు పోండి. చీటీ, ఇంట్లో వాడే మిగతా గోలీల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని పోండి. కౌంటర్లో కొత్తగా చేరిన అబ్బాయి ఉంటే, కళ్లద్దాల ఆయన భోజనం చేసి వచ్చేదాకా పక్కన అరుగు మీద కూర్చోండి.