వీవీప్యాట్ జోడించిన ఓటింగ్ యంత్రం: ఒక ఓటరు సమీక్ష

హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని బెల్ సంస్థలు తయారుచేసే మన ఓటింగ్ యంత్రం ఏ నెట్‌వర్క్‌తోనూ సంబంధం లేకుండా పనిచేయడం దాని మొదటి బలం. నాకు అసలైన భరోసా మాత్రం వీవీప్యాట్, అంటే ఓటు ఎవరికి పడిందో చీటీ ముద్రించి చూపే యంత్రం: మీట నొక్కగానే అభ్యర్థి వరుస సంఖ్య, పేరు, గుర్తు ముద్రించిన చీటీ అద్దం వెనుక 7 సెకన్లపాటు కనిపించి, తెగి పెట్టెలో పడుతుంది. దాన్ని ప్రతి ఓటరూ తప్పక చదవాలి.

2019లో సుప్రీంకోర్టు ఆదేశించినట్టు ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటులో 5 పోలింగ్ కేంద్రాల చీటీలనే లెక్కించి ఓటింగ్ యంత్రంలోని ఓట్లతో సరిపోల్చడం చాలదని నా అభిప్రాయం. ఆధిక్యం స్వల్పంగా ఉన్నచోట ఆ సంఖ్యను పెంచితే ఓడిన పక్షానికీ సందేహం మిగలదు. సుప్రీంకోర్టు 2024 తీర్పు ప్రకారం, అభ్యర్థుల గుర్తులను వీవీప్యాట్‌లోకి లోడ్ చేసే యూనిట్లను ఫలితాల తర్వాత కనీసం 45 రోజులు సీలు వేసి భద్రపరచడం మెచ్చుకోదగిన మార్పు.