మెక్సికో సిటీ నుంచి మెరిదా దాకా, అంతా బస్సుల్లోనే

అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే ఇండియన్ పాస్‌పోర్టుతో మెక్సికో వెళ్లడానికి వేరే వీసా అక్కర్లేదు. డల్లాస్‌లో ఉంటున్న నేనూ మా తమ్ముడూ అలాగే బయల్దేరాం. మెక్సికో సిటీలో దిగాక ఇక విమానం ఎక్కలేదు. పదిహేను రోజులు తిరిగాక నాకు అర్థమైంది ఒకటే: రాత్రి బస్సుకి డబ్బు చూసుకోవద్దు, మిగుల్చుకోవాలంటే పగటిపూట రెండు మూడు గంటల ప్రయాణాల్లో మిగుల్చుకోండి.

మెక్సికో సిటీలో నాలుగు దిక్కులకు నాలుగు పెద్ద బస్టాండ్లున్నాయి, టికెట్ కొనేటప్పుడు మీ బస్సు ఏ బస్టాండ్ నుంచో చూసుకోండి. ఓహాకా నగరం, మెరిదా ఉన్న యుకతాన్ వైపు బస్సులు ఎక్కువగా తూర్పున ఉన్న తాపో బస్టాండ్ నుంచే. సాన్ లాసరో మెట్రో దిగితే పక్కనే, మెట్రో ఛార్జీ 5 పెసోలు, ట్యాక్సీ అవసరమే లేదు. ముందుగా కొంటే చాలా రూట్లలో ధర బాగా తగ్గుతుంది, కానీ మేము చూసిన ఒక సైటు మా దగ్గరున్న రెండు కార్డులూ తీసుకోలేదు. గంటసేపు టెన్షన్ పడి చివరికి రెండు రోజుల ముందే కౌంటర్‌కి వెళ్లి క్యాష్ ఇచ్చి కొన్నాం, సీటు కూడా స్క్రీన్ మీద చూపించి మమ్మల్నే ఎంచుకోమన్నారు.

మనకు అలవాటైన స్లీపర్ బెర్తులు అక్కడ ఆశించొద్దు, కూర్చునే సీట్లే. ఫస్ట్ క్లాస్‌లో అవి బాగానే వెనక్కి వాలతాయి, వెనక టాయిలెట్ ఉంటుంది. ఇంకొంచెం పెడితే వరసకి మూడే సీట్లుండే లగ్జరీ బస్సులున్నాయి. ఓహాకా నుంచి చియాపాస్ రాష్ట్రంలోని సాన్ క్రిస్తోబల్‌కి రాత్రంతా ప్రయాణం, ఘాట్ రోడ్డు మలుపులు, అక్కడ ఆ తేడా డబ్బు పూర్తిగా గిట్టుబాటైంది. ఏసీ మాత్రం చంపేస్తుంది. స్వెట్టరు, సాక్సులు, దుప్పటి డిక్కీలో పెట్టే బ్యాగులో వేయకండి, చేతిలో ఉంచుకోండి. పాస్‌పోర్టు కూడా, ఎందుకంటే చియాపాస్‌లో అర్ధరాత్రి బస్సాపి ఇమిగ్రేషన్ వాళ్లు చూశారు. డిక్కీ బ్యాగుకిచ్చే చిన్న చీటీ పారేయొద్దు, దిగాక అది చూపిస్తేనే బ్యాగ్ ఇస్తారు.

సాన్ క్రిస్తోబల్ దాదాపు 2,200 మీటర్ల ఎత్తులో ఉంది. మేము తీసుకున్న చవక గదిలో హీటర్ లేదు, మూడు రగ్గులిచ్చారు, అవి చాలాయి. అక్కడి నుంచి మాయా శిథిలాలున్న పలెంకేకి, ఒకోసింగో అనే ఊరి మీదుగా వ్యాన్లు ఐదారు గంటల్లో వెళ్తాయి, చవక కూడా. కానీ ఆ దారిలో ఊళ్ల దగ్గర తాళ్లు కట్టి వాహనాలు ఆపేయడం తరచూ జరుగుతుందని గది యజమానురాలు "వద్దు బాబూ" అన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది. వియ్యాఎర్మోసా నగరం మీదుగా చుట్టూ తిరిగే బస్సే ఎక్కాం. తొమ్మిది గంటలు పట్టింది, అయినా మళ్లీ వెళ్లినా అదే ఎక్కుతా.

తిండికి ఇబ్బంది శాకాహారులకే. తమ్ముడు మాంసం తినడు. బీన్స్ (రాజ్మాలాంటి గింజలు) అంటే ధైర్యంగా తినేయొద్దు, చాలాచోట్ల పంది కొవ్వుతో వండుతారు, "సిన్ మాంతేకా" (కొవ్వు లేకుండా) అని అడగాలి.

మెరిదాలో ఫ్యాన్ గది తీసుకున్నాం. గోడల్లో ఇనప కొక్కేలున్నాయి, ఉయ్యాల కట్టుకోవడానికట, ఆ ఉక్కలో మంచం కన్నా అదే హాయిగా ఉంది. అక్కడి నుంచి వయ్యదోలిద్ అనే ఊరికి పగలు సెకండ్ క్లాస్ బస్సెక్కాం, ఊరూరా ఆగుతుంది, స్పీడ్ బ్రేకర్లు లెక్కలేనన్ని. ఒక ఊళ్లో ఒకావిడ గ్లాసుల్లో మామిడి ముక్కలు పట్టుకుని ఎక్కింది, పైన నిమ్మరసం పిండి, ఉప్పూ కారం చల్లి. తమ్ముడు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని "అచ్చం మన స్కూల్ గేటు దగ్గరదేరా అన్నయ్యా" అన్నాడు. రెండో గ్లాసు కూడా కొన్నాం.

ఒక్క జాగ్రత్త: వయ్యదోలిద్ దాటి తులుమ్, కాన్‌కున్ వైపు వెళ్తే కింతానా రో రాష్ట్రంలో గడియారం మెరిదా కన్నా గంట ముందుంటుంది. తిరుగు బస్సు, విమానం టైములు ఆ లెక్కన చూసుకోండి.